ఐసులో పెట్టని రక్తం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ రోజుకోసారైనా అనేది. ఆ సామెత ఎవరో నన్ను చూసే కట్టారని ఆవిడ నమ్మకం. తప్పు కనబడితే నేను ఊరుకోలేను. కొట్టువాడు కూడిక తప్పినా, పక్కింటావిడ పిల్లకి మందు మోతాదు తప్పి పోసినా, పెళ్ళి పందిట్లో పురోహితుడు తిథి తప్పు చెప్పినా దిద్దేదాకా అక్కణ్ణుంచి కదలను. సాలూరులో మా వీధిలో నా చేత మాట పడనివాళ్ళు బహుశా అప్పటికింకా పుట్టని వాళ్ళే.

ఇంట్లో పనికిరాని ఈ గుణం ఉద్యోగంలో పనికొచ్చింది. తొంభైల మొదట్లో అరకు దగ్గర ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. పనంతా మలేరియాదే. వేలి కొస పొడిచి, రక్తపు చుక్కని గాజు పలక మీద పులిమి, రంగువేసి, మైక్రోస్కోపు కింద పురుగు ఉందో లేదో చూడాలి. ఒక్క స్లైడు మీద నంబరు తప్పు పడితే ఒకరి జ్వరానికి ఇంకొకరు మాత్రలు మింగుతారు. నా చేతిలో అలా ఎప్పుడూ జరగలేదు. కొండ ఊళ్ళవాళ్ళు నన్ను సూదమ్మ అని పిలిచేవారు. నాకా పేరు నచ్చేది, పైకి మాత్రం చెప్పలేదు.

తొంభైతొమ్మిది నవంబరులో హైదరాబాదు నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పల్చటి ఒళ్ళు, భుజానికి గుడ్డసంచి. ఊళ్ళు తెలిసిన మనిషి కావాలన్నారు కాబట్టి ఆసుపత్రివాళ్ళు నన్ను ఆయనతో పంపారు. ఆయన చూస్తున్నది సికిల్ సెల్ జబ్బు. రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా ఉండాల్సింది కొడవళ్ళలా వంగిపోతాయి. సన్నటి నాళాల్లో చిక్కుకుంటాయి. ఎముకల్లో భరించలేని నొప్పులు, కళ్ళు పచ్చబడడం, పిల్లలైతే చాలామంది దక్కరు. ఈ కొండల్లో ఆ జబ్బు ఉందని మాకు తెలుసు, ఎవరిలో ఉందో తెలియదు. రక్తం తీసి, అందులోంచి డీఎన్‌ఏ తీసి, ఆ జబ్బు రాసి ఉన్న చోటు చదువుతామని ఆయన చెప్పారు.

"ఎంత తప్పండీ అది?" అని అడిగాను.

"మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక్క అక్షరం" అన్నారు.

జీపులో నేను చాలాసేపు మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం డ్రైవరుకే వింతగా తోచి ఒంట్లో బాగుందా అని అడిగాడు. జీవితమంతా అక్షరం తప్పులు దిద్దినదాన్ని. ఒక్క అక్షరం తప్పుకి ఒక పిల్లాడి ప్రాణం పోతుందంటే దాన్ని ఎక్కడ, ఎలా దిద్దాలో నాకు తోచలేదు.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. మనిషి డీఎన్‌ఏ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివే పనిని కొన్ని దేశాలవాళ్ళు వాటాలేసుకుని చేస్తున్నారట. ఈ ముక్క మీది, ఆ ముక్క మాది అని. చదివిందాన్ని ఏ రోజుకారోజు లోకమంతటికీ కంప్యూటర్లలో తెరిచి పెట్టేస్తారట. తాళం లేదు, రుసుము లేదు. "ఆ వాటాల్లో మన దేశం లేదు. అయినా వాళ్ళు నిన్న చదివింది ఇవాళ పొద్దున్న కాఫీ తాగుతూ నేను చూసుకుంటాను" అన్నారాయన, సొంత పొలంలో పంట గురించి చెప్పినంత సంబరంగా. మా ఆఫీసులో దూది కావాలంటే బీరువా తాళంచెవి గుమాస్తా మొలతాడుకి ఉండేది. ఆయన సెలవు పెడితే గాయాలు కూడా ఆగాలి. లోకంలో అలాంటి మనుషులు కూడా ఉన్నారంటే నాకు ముచ్చటేసింది.

మేము వెళ్ళిన ఊరు రోడ్డు దిగాక రెండు గంటల నడక. ముప్ఫై ఇళ్ళు. కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న రోజులు కాబట్టి పొద్దెక్కేలోగా అందరినీ బడి వసారాలో కూర్చోబెట్టాం. అందరికంటే ముందు ఒకామె వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో, చంకలో మూడేళ్ళ పిల్ల. ఆమె కొడుకు ఏడాది క్రితం పోయాడు. ఆరేళ్ళవాడు. వాడి నొప్పులకి వేరుమందులు కట్టారు, దేవతకి కోడిని కోశారు, చర్చి ఉన్న ఊరికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించారు. ఆఖరికి మా ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చారు. నేనే వాడి రక్తం తీసి మలేరియా లేదని రాసిచ్చాను. నాకు తెలిసిందంతే.

"సూదమ్మా, ఈ గుంటకీ అదే ఉందేటి? అది సెప్పీ. మిగతాయి నాకొద్దు" అందామె. అక్కడ ఆడపిల్లని గుంట అంటారు. కొండమీద మీరు అనే మాట లేదు. కలెక్టరు వచ్చినా నువ్వే.

ఆ పిల్ల కడుపునొప్పి అన్నా, రాత్రి కాలు పీకిందని ఏడ్చినా ఆమె ఊపిరి ఆగిపోతోందని ఆమె మొహమే చెప్పింది. "చెప్తాం. ఇందులో తెలిసిపోతుంది" అన్నాను, పిల్ల రక్తం ఉన్న ట్యూబు చూపించి. ఊరి జాబితా వరసలో ఆ పిల్లది పదిహేడు. ఆ నంబరు రాసి అంటించి, థర్మోకోల్ డబ్బాలో ఐసు మధ్య ఒక మూలన పెట్టాను. ఐసు కొండ కింది ఫ్యాక్టరీ నుంచి రంపపుపొట్టులో చుట్టి తెచ్చింది. అది కరిగేలోగా ట్యూబులు పాసింజరు బండిలో విశాఖపట్నం, అక్కణ్ణుంచి హైదరాబాదు చేరాలి. ఊరివాళ్ళు పెట్టిన చోడి అంబలి, అంటే రాగిజావ, తాగి, డబ్బాకి టేపు చుట్టి, ఎత్తుకుని వచ్చేశాం.

మూడోరోజు హైదరాబాదు నుంచి ఆసుపత్రికి ఫోను. పదిహేడు లేదు. పదహారు ఉంది, పద్దెనిమిది ఉంది, పదిహేడు లేదు.

నాకు కోపం నషాళానికంటింది. నా సర్వీసులో ఒక్క స్లైడు పోలేదు, ట్యూబు పోవడమేమిటి? దారిలో పోయిందా అంటే టేపు చింపలేదన్నారు. అంటే టేపు వేయకముందే పోయింది. మేము అంబలి తాగుతున్నప్పుడు. మిగతా పనులతో సెలవు దొరికేసరికి పదిరోజులైంది. ఆ పదిరోజులూ నా పక్కన కూర్చున్నవాళ్ళకి పాపం తిండి సయించి ఉండదు.

ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి ఎదురొచ్చేవాళ్ళు లేరు. ఇంటికొకరు గొంగళి కప్పుకుని పడుకుని ఉన్నారు. చలిజ్వరాలు. ఆ కాలంలో మాకది మామూలే, వానలు వెళ్ళాక మలేరియా మళ్ళీ తల ఎత్తుతుంది. ఆమె మాత్రం వాకిట్లో కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతోంది. పిల్ల పక్కనే కోడిపెట్ట వెంట పరుగెడుతోంది.

"ట్యూబు నువ్వే తీశావా?" అన్నాను.

ఆమె దాచలేదు. నడుం దగ్గర చీరకుచ్చెళ్ళ లోపల నుంచి ఒక గుడ్డమూట విప్పింది. పాత చీర పేలికలు మూడు పొరలు. లోపల నా చేతిరాతతో పదిహేడు. రక్తం నల్లబడి, పాడైపోయి, దేనికీ పనికిరాకుండా ఉంది. పదమూడు రోజులు ఒంటికి ఆనించుకుని ఉంచిందట. పడుకున్నా తియ్యలేదట.

"ఏటి చేశావో తెలుసా నీకు? నీ పిల్ల సంగతి తెలిసే దారి నువ్వే మూసేశావు. చదువు లేకపోతే లేదు, కాస్త అడగొచ్చు కదా!" నోరు అలా మొదలైతే ఆగదు. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె అంతా విన్నది.

"రత్తం ఎచ్చగుంతాది గదమ్మా. నువ్వు ఐసులో ఎట్టీసినావు. అది నా గుంట రత్తమే గదా, సల్లబడితే గుంట సల్లబడిపోదేటి?" అంది. తర్వాత చేత్తో ఊరంతా చూపించింది. "సూడు. ఐసులో ఎట్టినోల్లందరికీ సలిజరం వచ్చీసినాది. నాది ఎచ్చగా ఎట్టినాను. గుంట ఆడతన్నాది."

"రక్తం ఇవ్వనివాళ్ళకి కూడా వచ్చింది కదా! ఆ ఎదురింటి ముసలాయన దగ్గర మేం చుక్క కూడా తియ్యలేదు."

"ఆడి తమ్ముడు దగ్గర తీసినారు. ఒకే రత్తం గదా. తమ్ముడిది సల్లబడితే అన్నకి తగలదేటి?"

బడి వసారాలో శాస్త్రవేత్త ఊరివాళ్ళకి చెప్పింది అదే. తోబుట్టువుల రక్తంలో ఒకే రాత ఉంటుంది, ఒకరిది చూస్తే ఇంకొకరి సంగతి కొంత తెలుస్తుందని. ఊరంతా నిద్రపోయిందనుకున్నాను. ఒక్కామె విని, గుర్తుపెట్టుకుని, నా మీదే తిప్పికొట్టింది.

"నీ కడుపున పుట్టిన గుంటదైతే ఐసులో ఎట్టుదువేటి?" అంది ఆఖరున, కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు.

సంచిలో స్లైడ్లు ఉన్నాయి కాబట్టి జ్వరం ఉన్నవాళ్ళందరికీ వేళ్ళు పొడిచి, మాత్రలిచ్చి, పిల్లకి కూడా ఒక చుక్క తీసి దిగొచ్చాను. ఆ చుక్కని మాత్రం ఐసు దగ్గరికి పోనివ్వనని ఆమె నాచేత ఒట్టు వేయించుకుంది. మైక్రోస్కోపు కింద జ్వరాలన్నిటిలో మలేరియా కనబడింది. పిల్ల స్లైడులో ఏమీ లేదు.

ఎస్టీడీ బూత్ నుంచి శాస్త్రవేత్తకి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆ ఊరివాళ్ళు ఇక రక్తం ఇవ్వరు, పిల్ల సంగతి తేలదు, తప్పు నాది, డబ్బా వదిలి అంబలికి వెళ్ళింది నేనే అన్నాను. తిడతారని చూశాను.

"పిల్లకి జ్వరం రాలేదా? ఇంట్లో మిగతావాళ్ళకి?" అన్నారు.

"పక్కింట్లో నలుగురికి వచ్చింది. వీళ్ళింట్లో ఎవరికీ లేదండి."

ఆయన గొంతు మారింది. కొడవలి జన్యువు తల్లి దగ్గర్నుంచీ తండ్రి దగ్గర్నుంచీ రెండూ వస్తే జబ్బు. ఒక్కటే వస్తే జబ్బు రాదు, పైగా మలేరియా అంత తేలిగ్గా ఆ పిల్లల్ని చంపలేదు. అందుకే దోమలున్న కొండల్లో ఆ తప్పు అక్షరం వందల తరాలుగా చెరగకుండా నిలిచింది. ఈ మాట ఆయన చెప్తుంటే నాకు ఆశ పుట్టింది. వెంటనే ఆయనే ఆపారు. "ఒక్క పిల్లకి జ్వరం రాలేదని ఏదీ రుజువు కాదు. దోమ కుట్టకపోయి ఉండొచ్చు. ఆమెకి చెప్పకండి. నేను వస్తున్నాను."

వారం తిరక్కుండా వచ్చారు. ఆ వయసులో ఆ కొండ ఎక్కి, ఆమె వాకిట్లో నేలమీద కూర్చున్నారు. "అమ్మా, మీరు మా తప్పు పట్టుకున్నారు. రక్తాన్ని ఏం చేస్తామో మీకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు. మీరు అన్నమాటకి ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనో అంటున్నారని.

"ఐసు నేకుండా తీసుకెల్లలేవా బాబూ?" అంది.

ఆయన తలవంచుకుని ఆలోచించారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన ఏం వదులుకున్నారో నాకు తెలుసు. ఐసులో చల్లగా వెళ్ళిన రక్తంతో వాళ్ళ ల్యాబులో పది రకాల పరీక్షలు చేయొచ్చు. ఆయన విదేశీ స్నేహితులతో కలిసి రాసుకున్న పని అదే. దళసరి వడపోత కాగితం మీద చుక్క వేసి ఆరబెడితే అందులో డీఎన్‌ఏ నిలుస్తుంది, మిగతావన్నీ పోతాయి. "ఎండిన చుక్కతో మాకు కావలసినవన్నీ తెలియవు. మీకు కావలసింది మాత్రం తెలుస్తుంది. అది చాలు" అన్నారాయన.

ఆ మాట అన్నందుకు నేను ఆ మనిషికి ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

పిల్ల వేలు నేనే పొడిచాను. తల్లిదీ, తండ్రిదీ కూడా. కాగితాలు నీడలో గాలికి ఆరాలి, పొయ్యి సెగ తగలకూడదు. ఆమె వాటిని చేటలో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకుంది. మూడు గంటలు కదల్లేదు, ఆకుతో ఈగలు తోలుతూ కూర్చుంది. ఆయన ఎదురుగా కూర్చుని పిల్లతో గవ్వలాడారు. ఊరు ఒక్కొక్కరే వచ్చి చూసింది. మధ్యాహ్నానికి, మొదట ఇచ్చినవాళ్ళూ ఇవ్వనివాళ్ళూ కూడా వేళ్ళు చాచారు. కాగితాలు కవర్లలో పెట్టాక ఆమె ఇంకో షరతు పెట్టింది. సంచిలో వేయకూడదు, ఒంటికి తగిలి ఉండాలి. ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు. రైలు ఎక్కేటప్పుడు నేను చూశాను, అక్కడే ఉన్నాయి.

అందులో కొన్ని చుక్కలు విదేశానికి వెళ్ళాయి. ఆ జన్యువు చుట్టుపక్కల అక్షరాలు కూడా చదివే యంత్రాలు ఆయన స్నేహితురాలి ల్యాబులో ఉన్నాయట. ఆయన ఉత్తరంలో ఈ తల్లి షరతు కూడా రాసి పంపారు. కవరు అందాక కోటు లోపల పెట్టుకుని ల్యాబు దాకా మంచులో నడిచానని ఆవిడ జవాబు రాసిందట. నిజమో, ఈయన మనసుకి నచ్చేలా రాసిందో నాకు తెలియదు. నేను నమ్మాను. ఎప్పుడూ చూడని కొండమీద ఒక తల్లి అన్న మాటని ఎక్కడో ఒక మనిషి పట్టించుకుందంటే నమ్మడమే నాకు బాగుంది.

తర్వాత నెలల తరబడి కబురు లేదు. సంతలో ఎదురుపడినప్పుడల్లా ఆమె ఏమీ అడగదు, నా మొహం చూస్తుంది. నేను తల అడ్డంగా ఊపుతాను. చింతపండు బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోతుంది. పిల్లకి ఒకసారి మోకాలు వాస్తే వర్షంలో ఎత్తుకొచ్చింది. ముల్లు దిగి చీము పట్టింది, అంతే. ముల్లు తీసేదాకా ఆమె గోడకి ఆనుకుని నిలబడే ఉంది.

రెండువేల సంవత్సరం జూన్ ఆఖరున పేపర్లో మొదటి పేజీ నిండా వార్త. మనిషి డీఎన్‌ఏ చిత్తుప్రతి తయారైందని. మా ఊరికి పేపరు మధ్యాహ్నం బండిలో వచ్చేది. ఆసుపత్రి అరుగు మీద అందరికీ పైకి చదివి వినిపించాను. మధ్యలో గుమాస్తా "దీనివల్ల మనకేటి?" అన్నాడు. ముందు దూది బీరువా తాళం తీయమని చెప్పాను.

ఆ తర్వాతి నెలలో హైదరాబాదు నుంచి నా పేర రిజిస్టరు పోస్టు వచ్చింది. లోపల చేత్తో గీసిన ఒక పటం, ఒక ఉత్తరం. "ఎవరితోనూ కబురంపకండి. మీరే వెళ్ళి చెప్పండి. మొదటి మాటగా పిల్లకి జబ్బు లేదని చెప్పండి. మిగతాది ఆ తర్వాత." కిందటి ఏడాది ఐసు డబ్బా మోసుకుని నడిచిన దారిలోనే ఆ కాగితం బ్లౌజులో పెట్టుకుని నడిచాను. వాన కురుస్తోంది.

"గుంటకి జబ్బు నేదు" అన్నాను వాకిట్లోనే. ఇంకా వగరుస్తూనే ఉన్నాను.

ఆమె పిల్లని దగ్గరికి లాక్కుని తల వాసన చూసింది. ఏడవలేదు. తర్వాత ఆ కాగితంలో ఏముందని అడిగింది. చూరు కింద కూర్చుని పటం విప్పాను.

"ఇది నువ్వు." గుండ్రం, సగం నల్లగా నింపి ఉంది. "ఇది నీ మొగుడు." చదరం, అదీ సగం నలుపు. మీ ఇద్దరి దగ్గరా ఒకటి మంచిది, ఒకటి తప్పుది ఉన్నాయి, ఒక్కో బిడ్డకి ఒక్కొక్కరి నుంచి ఒకటి వెళ్తుంది, ఏది వెళ్తుందో మన చేతుల్లో లేదు అని చెప్పాను. కింద చిన్న గుండ్రం చూపించాను. "ఇది నీ గుంట. తప్పుది ఒకటే వచ్చింది. దానికేం కాదు."

ఆ గుండ్రం పక్కన ఇంకొక చదరం ఉంది. మొత్తం నలుపు, మీద అడ్డంగా పోయినవాళ్ళకి గీసే గీత. వాడి రక్తాన్ని ఈ జబ్బు కోసం ఎవరూ చూడలేదు. నేను ఒక్కదాన్నే చూశాను, చూసి మలేరియా లేదని రాశాను. తల్లి చెప్పిన లక్షణాల్ని బట్టి, అమ్మానాన్నల రక్తాన్ని బట్టి ఆయన నింపారు. నేను చెప్పకముందే ఆమె తెలుసుకుంది.

"ఇది ఆడేనా, నా గుంటడు?"

"ఆడే. రెండూ తప్పువే వచ్చాయి వాడికి."

ఆ నల్ల చదరం మీద ఆమె వేలు పెట్టింది. చూరునీళ్ళు మా ముందు మడుగు కడుతున్నాయి. పిల్ల వెళ్ళి అందులో కాళ్ళు పెట్టింది.

"అయితే మా ఇద్దరివీ రెండూ ఆడే అట్టుకెల్లిపోనాడు. సెల్లికి జబ్బు రానీకండా" అంది.

అది తప్పు. ఒక బిడ్డకి ఏది వచ్చిందన్నది ఇంకో బిడ్డకి ఏమీ తగ్గించదు, పెంచదు. ప్రతిసారీ గవ్వలు కొత్తగా వేసినట్టే. తర్వాత పుట్టే బిడ్డకి అదే ప్రమాదం మళ్ళీ ఉంటుంది, ఆ సంగతి ఆమెకి తెలియాలి. మరుసటి వేసవిలో వెళ్ళి భార్యాభర్తల్ని కూర్చోబెట్టి అంతా సరిగ్గా చెప్పాను. కానీ ఆ రోజు ఆమె వేలు ఇంకా ఆ చదరం మీదే ఉంది, మొహంలో ఏడాదిన్నరగా నేను చూడని నెమ్మది ఉంది.

"అవునమ్మా" అన్నాను. "ఆడే అట్టుకెల్లిపోనాడు."